కావలి కుక్కకు పనెవరిస్తారు?

కావలి అంటే కాపలా. ఊరి పేరే కాపలా అయినచోట వీధికి నాలుగిళ్లలో కుక్క ఉండటం వింతేమీ కాదు. ఆ కుక్కకు ఇప్పుడు కాయడానికి ఏమీ మిగలకపోవడమే వింత. గేటుకు తాళం, తలుపుకు తాళం, వరండా మూల సీసీ కెమెరా. ఇంటాయన ట్రంకు రోడ్డులోని కొట్టుకు, ఇల్లాలు బడికి, పిల్లలు కాలేజీకి వెళ్లిపోతారు. పొద్దున తొమ్మిదికి మొదలైన ఒంటరితనం సాయంత్రం ఆరింటికి గానీ తీరదు. గిన్నెలో పెట్టిన అన్నం రెండు నిమిషాల్లో ఖాళీ. మిగతా పొద్దంతా అది ఏం చేయాలి?

చెప్పులు కొరుకుతుంది. సోఫాలో దూది పీకుతుంది. తలుపు చెక్క గీరుతుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి మనుషులది. కుక్కకు లెక్కలు రావు గనుక కొరికి ఊరుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చినవాళ్లు దాన్ని పొగరనుకుని నాలుగు తగిలిస్తారు. అసలు జబ్బు పేరు నిరుద్యోగం.

దీనికి పెంపుడు జంతువుల దుకాణాల్లో ఒక మందు అమ్ముతున్నారు. లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మ. అందులో తిండి కూరి ఇస్తే కుక్క దాన్ని నాకుతూ, దొర్లిస్తూ, నములుతూ చాలాసేపు గడుపుతుంది. బొమ్మ పుట్టింది అమెరికాలో. దాని అవసరం ఎలా పుట్టిందో తెలుసుకోవడానికి మాత్రం అంత దూరం పోనక్కర్లేదు.

బాతుల వెనక జోనంగి

కోస్తా ఆంధ్రకు సొంత కుక్కజాతి ఒకటుంది. పేరు జోనంగి. నున్నటి పొట్టి బొచ్చు, ముఖం మీద ముడతలు. అన్ని కుక్కల్లా మొరగదు, గొంతు సాగదీసి రాగం తీస్తుంది. నేలలో గుంతలు తవ్వుకోవడం దాని అలవాటు. కొల్లేటి ప్రాంతంలో బాతులు మేపేవాళ్లకు అది నమ్మకమైన పనిమంతురాలు. మందను తోలడం, చెదిరిన బాతును తిరిగి మందలో కలపడం దాని కొలువు.

తర్వాత కొల్లేరు చేపల చెరువులమయమైంది. బాతుల పెంపకం తగ్గింది, దాంతో జోనంగి కొలువు ఊడింది. పోషించేవాళ్లు లేక చాలా కుక్కలు ఊరిమీద పడ్డాయి. అదే కుక్క, అదే తెలివి, అవే కాళ్లు. పని ఒక్కటే లేదు. థియొడోర్ భాస్కరన్ 2017లో భారతీయ శునకాల మీద వెలువరించిన పుస్తకంలో ఈ జాతినీ చేర్చారు.

మన తీరంలో పనిలో ఉన్న కుక్కను చూడాలంటే తుమ్మలపెంట వైపో, జువ్వలదిన్నె వైపో వెళ్లి రొయ్యల గుంటల గట్లు చూడండి. కాపలా గుడిసె ముందు పడుకున్న కుక్క చెవి ఒకటి ఎప్పుడూ లేచే ఉంటుంది. కొంగ వాలితే పరుగు, కొత్త మనిషి కనిపిస్తే అరుపు. తిండి కూడా ఒకచోట కూర్చుంటే రాదు. వాసన పట్టాలి, వెతకాలి, పోట్లాడాలి.

ఊళ్లో పెరటి కుక్కకూ ఒకప్పుడు ఇంతో అంతో పని ఉండేది. పొద్దున సద్దన్నం పెట్టేవాళ్లు. ఆదివారం పూట ఒక మూలుగ ఎముక దొరికితే దానికి పండగే. ఆ ఎముకను వేపచెట్టు కిందికి తీసుకుపోయి, ముందుకాళ్ల మధ్య నిలబెట్టి, నాలుకను లోపలికి పోనిచ్చి, దవడ ఇటూ అటూ మారుస్తూ నీడ తిరిగేదాకా దానితోనే ఉండేది. గట్టి పెంకు, లోపల రుచి, అందీ అందని లోతు. నేటి రబ్బరు బొమ్మకు తాత ఆ ఎముకే.

గిన్నె వచ్చింది

కుక్క తిండిని సంచిలో కొనే అలవాటుకు లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ వ్యాపారి నాంది పలికాడు. 1860 ప్రాంతంలో గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఓడరేవులో నావికుల గట్టి బిస్కెట్లను కుక్కలు ఎగబడి తినడం చూసి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరిట కుక్కల ప్రదర్శన పెట్టాడు. నేటికీ ప్రపంచంలో పేరున్న ‘క్రఫ్ట్స్’ అదే.

తిండి తేలికైంది, శుభ్రమైంది. వెతకడం, తవ్వడం, చీల్చడం, నమలడం అనే గంటల తరబడి పని మాత్రం గిన్నె అడుగున కలిసిపోయింది.

ఫ్రిట్జ్ పళ్లు కాపాడిన రబ్బరు ముక్క

1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన కుక్క. కొలువు పోయాక రాళ్లు కొరకడం పట్టుకుంది. పళ్లు అరిగిపోతుంటే యజమానికి దిగులు. ఒకరోజు ఆయన తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటూ, రాళ్ల మీద నుంచి కుక్క ధ్యాస మళ్లించడానికి విడిభాగాలు ఒక్కొక్కటే విసిరాడు. వేటినీ పట్టించుకోని ఫ్రిట్జ్ సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్కను మాత్రం నోట కరుచుకుని వదల్లేదు.

ఆ ముక్కే నమూనా అయింది. మూడు బూరెలను పెద్దది కింద, చిన్నది పైన పేర్చినట్టుండే ఆకారం. నేల మీద ఎటు పడి ఎటు ఎగురుతుందో కుక్కకు అంతుపట్టదు. అది చూసిన ఒక మిత్రుడు ‘కింగ్‌కాంగ్ చెవిలో పెట్టుకునే బిరడాలా ఉంది’ అన్నాడట. బొమ్మ పేరు కాంగ్ అయింది. కంపెనీ 1976లో పుట్టింది.

మధ్యలోని బోలులో తిండి కూరడాన్ని బాగా ప్రచారం చేసినవాళ్లలో ఇయాన్ డన్బార్ ఒకరు. బ్రిటన్‌లో పశువైద్యం చదివి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ ఈయన 1993లో పెంపుడు కుక్కల శిక్షకుల సంఘాన్ని స్థాపించారు. గిన్నె పక్కన పెట్టండి, తిండిని బొమ్మల్లో పెట్టండి అన్నది ఆయన బోధ.

కష్టపడి తినే ఎలుకలు

ఇందులో శాస్త్రమెంత? 1963లో గ్లెన్ జెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 200 ఎలుకలతో ఒక ప్రయోగం చేశాడు. పక్కనే గిన్నె నిండా ఉచితంగా గింజలున్నా, చాలా ఎలుకలు మీట నొక్కి సంపాదించిన గింజలు కూడా తిన్నాయి. 1970ల్లో హాల్ మార్కోవిట్జ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పోర్ట్‌లాండ్ జూలో గిబ్బన్ కోతులు పనిచేసి తిండి సంపాదించుకునే ఏర్పాట్లు చేశాడు. వేసవిలో మన జూపార్కుల్లో ఎలుగుబంట్లకు పండ్లు గడ్డకట్టించిన మంచుదిమ్మలు ఇస్తున్నారంటే ఆ దారిలోనే.

కుక్కల విషయంలో గొప్పలు చెప్పుకోకూడదు. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో పెంపుడు కుక్కలు ఉచిత తిండి కంటే కష్టపడి తినడాన్ని ఎక్కువగా ఇష్టపడలేదు. కష్టపడటానికి మాత్రం సిద్ధపడ్డాయి. పని ఇస్తే చేస్తాయన్నమాట. ఇవ్వాల్సింది మనమే.

పెరుగన్నం చాలు

విదేశీ డబ్బాలేవీ అక్కర్లేదు. అన్నం అరిగించుకునే శక్తి కుక్కకు తోడేలు కంటే ఎక్కువ. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే జన్యువు ప్రతులు కుక్కల్లో ఎన్నో రెట్లు పెరిగాయని 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. ఉప్పు వేయని పెరుగన్నం మెత్తగా కలిపి, అందులో ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ లేదా ముళ్లు తీసిన చేప కలపండి. బొమ్మలో కూరి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున గడ్డకట్టిన బొమ్మ ఇస్తే రోహిణి కార్తె ఎండలో కుక్కకు అదే ఐస్‌క్రీము. మొదటిరోజే గట్టిగా కూరితే విసిగి వదిలేస్తుంది. ముందు వదులుగా, అలవాటయ్యాక గట్టిగా. బొమ్మలో పెట్టినంత తిండి గిన్నెలో తగ్గించాలి, లేకపోతే ఒళ్లొస్తుంది.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. అందుకే మన కూర కలిపిన అన్నం పనికిరాదు. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. బొమ్మ నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నది కాకూడదు. రెండు వైపులా రంధ్రం ఉండాలి. ఒక్కటే ఉంటే గాలి ఆడక నాలుక ఇరుక్కునే ప్రమాదముంది. కొనలేనివాళ్లు పాత తువ్వాలు మడతల్లో తిండి ముక్కలు చుట్టి ఇవ్వవచ్చు. తువ్వాలును చింపి మింగే రకమైతే మాత్రం మనిషి దగ్గర ఉన్నప్పుడే ఇవ్వాలి.

బొమ్మ తీర్చలేని లోటు

యజమాని గేటు దాటగానే కొన్ని కుక్కలు చొంగ కారుస్తూ, ఆగకుండా ఏడుస్తూ తలుపు మీద పడతాయి. ఎంత రుచైన బొమ్మ ఇచ్చినా ముట్టవు. అది తీరికతో వచ్చిన అల్లరి కాదు, ఒంటరి భయం. దానికి పశువైద్యుడి సలహా కావాలి. మనం లేనప్పుడు బొమ్మ అలాగే పడి ఉండి, వచ్చాక తింటోందంటే ఆ గుర్తును తేలిగ్గా తీసుకోవద్దు.

చట్టం కూడా ఒక మాట చెబుతోంది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ 1950ల్లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చర్చకు దారితీసి, చివరికి 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. నిత్యం గొలుసుకు కట్టేసిన కుక్కను, ఇరుకులో బంధించిన కుక్కను తగినంతగా తిప్పకపోవడం అందులోని 11వ సెక్షన్ ప్రకారం నేరం.

కాబట్టి పొద్దున తాళం వేసేముందు బొమ్మ ఇవ్వండి. సాయంత్రం తాళం తీశాక, ఫోను ఇంట్లో పెట్టి, దాన్ని అరగంట నడిపించండి. రోజంతా మన ఇల్లు కాసినందుకు అది అడిగే జీతం అంతే.