కొరింథు రాతిబాట – మన లాకులు

అపొస్తలుడైన పౌలు ఏడాదిన్నర నివసించిన కొరింథు పట్టణము రెండు సముద్రముల నడిమి సన్నని నేలపై నున్నది. క్రీ.పూ. 600 ప్రాంతమున గ్రీకులు అక్కడ 6 కిలోమీటర్లకు పైగా రాళ్లు పరచి బాట వేసి, ఓడలను బండ్లపై ఎక్కించి ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు లాగిరి. ఆ నేలను చీల్చి కాలువ త్రవ్వుట 1893లో గాని ముగియలేదు.

మన గోదావరిపై 1847–1852 నడుమ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించినప్పుడు, పడవలకు దారిగా లాకులు కట్టిరి. పడవ లాకులోనికి రాగానే తలుపులు మూసి నీరు నింపినచో, పడవ తానే పైకి తేలును. అక్కడ మనుష్యుల భుజములు లాగిన బరువును ఇక్కడ నీరే ఎత్తినది.

ముక్తేశ్వరం వారమైన మనము కాటన్ దొర పేరు మరువలేదు. అక్కడ రాళ్లు పరచినవారి పేర్లు, ఇక్కడ కాలువలకు మట్టితట్టలు మోసిన మన పెద్దల పేర్లు మాత్రము మనకు తెలియవు. ఈ శతవార్షికోత్సవమున వారిని కూడ కృతజ్ఞతతో తలంచుకొందము.