హవానా వీధులలో పాత అమెరికా కార్లు

హవానా నగరపు ఛాయాచిత్రం ఏ పత్రికలో అచ్చుపడినా అందులో ఒక పాత అమెరికా కారు ఉండి తీరుతుంది. షెవ్రొలే, ఫోర్డ్, బ్యూయిక్, ప్లిమత్ వంటి పెద్ద సెడాన్లు. మిలమిలలాడే బంపర్లు, విశాలమైన మూతి. చూసినవారు క్యూబా ప్రజలకు ప్రాచీన వస్తువులపై మక్కువ మెండు కాబోలు అనుకొంటారు. ఆ కార్లు ఇన్నేళ్లు బ్రతకడానికి మక్కువ కంటే చట్టమే ఎక్కువ కారణమని చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ఫ్లారిడా కొననుండి క్యూబా తొంభై మైళ్ల దూరం. అమెరికాలో తయారైన కొత్త మోడళ్లు ఆ రోజులలో ఓడలెక్కి నేరుగా హవానా రేవుకు చేరేవి. 1959 జనవరి 1న బటిస్టా పలాయనం చిత్తగించాడు. 8వ తేదీన ఫిడెల్ కాస్ట్రో రాజధాని ప్రవేశించాడు. 1960 అక్టోబరులో అమెరికా చాలా ఎగుమతులను నిషేధించింది. 1962 ఫిబ్రవరిలో కెనడీ వర్తకాన్ని దాదాపు పూర్తిగా ఆపివేశాడు. కార్ల రాకతో పాటు విడిభాగాల రాక కూడా అంతటితో ముగిసింది.

అటు తరువాత సోవియట్ దేశంనుండి మాస్క్విచ్, లాడా కార్లు వచ్చాయి. వాటిని ప్రభుత్వం వైద్యులకూ, క్రీడాకారులకూ, పనిలో పేరు తెచ్చుకొన్నవారికీ కేటాయించేది. ఆ కార్లను నడుపుకోవచ్చు గాని ఇష్టం వచ్చినవారికి అమ్ముకోరాదు. విప్లవానికి పూర్వం దేశంలో ఉన్న కారును మాత్రం స్వేచ్ఛగా అమ్మవచ్చు, కొనవచ్చు. ఈ నిబంధన 2011 వరకు సాగింది. ఇందులోని చమత్కారం గమనించండి: తళతళలాడే కొత్త లాడా యజమానికి లేని హక్కు, తుప్పుపట్టిన 1952 నాటి షెవ్రొలే యజమానికి ఉన్నది. అవసరం వస్తే సొమ్ము చేసుకోగల ఆస్తి అది. తండ్రి పోతే కొడుకుకు సంక్రమించే పొలం వంటిది.

పొలానికి పెట్టుబడి తప్పనట్టే ఈ కారుకూ తప్పలేదు. 1955 నాటి బెల్ ఎయిర్ పదహారడుగులకు పైగా పొడవు, ఆరడుగులకు పైగా వెడల్పు. కింద గట్టి ఉక్కు చట్రం, దానిపై విడిగా బిగించిన బాడీ. చట్రం నిలిచినంతకాలం పైన ఏది మార్చినా బండి బండే. కనుక పెట్రోలు తాగే అసలు ఇంజను పోయి వోల్గా ఇంజను వచ్చింది. అది పోయి పాత వ్యానునుండి తీసిన డీజిలు ఇంజను కుదిరింది. గేర్‌బాక్సు ఒక దేశానిది, బ్రేకులు మరొక దేశానివి. దొరకని భాగాన్ని లేతుపై తరిపించేవారు. చివికిన రేకును సుత్తితో సాగగొట్టి అతుకు వేసేవారు. మూత పైకెత్తి చూస్తేగాని అది ఎన్ని దేశాల కలయికో తెలియదు.

రేడియో గల ఇంటివారికి ఒక ముచ్చట. 1954 వరకు షెవ్రొలే కార్లలో ఆరు వోల్టుల బాటరీ ఉండేది. 1955లో పన్నెండు వోల్టులకు మారింది. పన్నెండు వోల్టుల ఇంజను తెచ్చి పాత బండిలో దించినప్పుడు, ఆరు వోల్టులకు చేసిన వాల్వు రేడియో దానితో పొసగదు. దానిని మార్చి కట్టించాలి, లేదా అలంకారంగా వదిలిపెట్టాలి.

1991లో సోవియట్ యూనియన్ అంతరించడంతో చమురుకు కటకట ఏర్పడింది. బస్సులు తగ్గాయి, చైనా సైకిళ్లు లక్షలుగా దిగాయి. 1993లో స్వయం ఉపాధికి ప్రభుత్వం కొంత వీలు కల్పించింది. ఆ తరువాత ఈ కార్లెన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి. పెద్ద బాదంకాయ అనే అర్థంలో వీటిని అల్మెండ్రోన్ అంటారు. నిర్ణీత మార్గంలో తిరుగుతూ, దారిలో చేయెత్తినవారిని ఎక్కించుకొని, పది పెసోలకో ఇరవైకో దింపేవి. తలుపు దబాలున వేయవద్దని డ్రైవరు ప్రతి ప్రయాణికునీ బతిమాలుకొంటాడు. ఆ కీలు విరిగితే కొత్తది దొరికే దుకాణం లేదు మరి!

2011 అక్టోబరులో ఏ కారునైనా పౌరులు పరస్పరం అమ్ముకోవచ్చునన్నారు. 2014 జనవరిలో అనుమతి పత్రం లేకుండానే ప్రభుత్వ దుకాణాలలో కారు కొనుక్కోవచ్చునన్నారు. జనం ఆశగా వెళ్లి చూస్తే ప్యూజో 508 ధర 2,62,000 డాలర్లు! నెల జీతం సగటున ఇరవై డాలర్లున్న దేశంలో ఆ బిళ్ల చదివినవారు నవ్వుకొని, ఇంటికి పోయి తమ పాత బండికే నూనె పోసుకొన్నారంటే ఆశ్చర్యమేమున్నది?

విదేశీ యాత్రికులు పెరిగాక మరొక పరిణామం వచ్చింది. పైకప్పులేని కారులో సముద్రతీరాన షికారుకు వారు డాలర్లిచ్చేవారు. అందుచేత కొందరు యజమానులు నాలుగు తలుపుల సెడాన్ల కప్పును కోయించి, ఎరుపో గులాబీయో రంగు వేయించారు. యాత్రికుడు దానిని అసలు సిసలైన పాతకారుగా భావించి ఫొటో తీయించుకొంటాడు. కప్పు చెక్కుచెదరని సెడాన్లు మాత్రం పక్క వీధిలో నర్సులనూ, కూలివారినీ ఇరికించుకొని పనివేళకు పరుగెత్తేవి.