ఖాళీగా ఉన్న గడి

1871 ఏప్రిల్ 2 రాత్రి ఇంగ్లండులో జనాభా లెక్కలు తీశారు. లాంకషైర్‌లోని ఒక ఇంట్లో ఆమె ‘కుటుంబ పెద్ద’. వితంతువు. వృత్తి గడిలో ‘లాండ్రెస్’ అని ఉంది. అంటే నలుగురి బట్టలూ ఉతికి బతికే మనిషి. నా ఇంగ్లిష్ స్నేహితురాలి ముత్తవ్వకు నాయనమ్మ ఆవిడ. ఆమెను వెతకడంలో నేనూ తోడున్నాను.

పదేళ్లు వెనక్కి, 1861కి వెళ్తే భర్త బతికే ఉన్నాడు. ఇంటినిండా పిల్లలు. ఆమె వృత్తి గడి ఖాళీ! 1851లోనూ అంతే. పని లేకనా? కాగితం నింపాల్సింది ఇంటి యజమాని. దాన్ని పుస్తకంలోకి ఎక్కించింది లెక్కల మనిషి. మనకిప్పుడు దొరికేది ఆ ఎత్తిరాతే. భర్త ఉన్న ఆడదాని పని వీళ్లిద్దరి చేతుల్లో ఎక్కడ జారిపోయిందో ఎవరు చెప్పాలి? 1881 లెక్కల నివేదికైతే ఇంటిపని చేసుకునే భార్యలందర్నీ ఏకంగా ‘వృత్తి లేనివాళ్ల’ వర్గంలో పడేసింది.

1841కి వెళ్లాలంటే పుట్టింటి పేరు కావాలి. పిల్లల జనన నమోదులో తల్లి పుట్టింటి పేరుంటుంది. 19వ శతాబ్దపు నమోదులను ఆ పేరుతో వెతికే వీలు మాకు 2016లో వచ్చిన ఆన్‌లైన్ సూచికతో కలిగింది. అలా దొరికింది: మరమగ్గం మీద నేసే అమ్మాయి, వయసు 20. ఆ 20 కూడా నిజం కానక్కర్లేదు. 15 దాటినవాళ్ల వయసును ఐదేళ్ల మెట్టుకు దించి రాయమన్నారు కాబట్టి 24 దాకా ఎంతైనా కావచ్చు. పెళ్లికి ముందు పనుంది, భర్త పోయాక పనుంది. మధ్యలోని ఏళ్లకే ఏమీ లేదు.

అదే ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. అమ్మో, మేనత్తో? 1841లో బంధుత్వాలు రాయలేదు. పెళ్లి నమోదు తీశాం. అందులో తండ్రి పేరుంది, అతని వృత్తి ఉంది. తల్లికి గడే లేదు. 1837లో మొదలైన ఆ పద్ధతి ఇంగ్లండులో 2021 మే దాకా మారలేదు. మన ఆడపిల్లల శుభలేఖల మీదైనా అమ్మ పేరు కనిపిస్తుంది కదా అనుకున్నాను.

చివరికి చర్చి బాప్తిస్మ పుస్తకంలో తల్లి పేరు దొరికింది. ముందుపేరు మాత్రమే. పక్కనున్న ఇంటిపేరు భర్తది.