పటం ఎవరిది? మెదక్ చిత్రకళలో వాడ చరిత్ర

జిన్నారం నుంచి గడ్డపోతారం దిక్కు పోతుంటే ఆ ప్రాంతం కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తది. మందుల ఫ్యాక్టరీలు, షిఫ్టు బస్సుల కోసం నిలబడ్డ కాంట్రాక్టు కూలీలు, రంగు మారిన కుంటలు. ఇసొంటి చోట చిత్రకారుల ముచ్చటేమిటని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సింది ఇక్కడనే అని మేం అనుకుంటున్నాం. 2016 దాకా జిన్నారం మెదక్ జిల్లాలో వుండేది. ఆధునిక చిత్రకళకు ఆ జిల్లా ఇచ్చిన పేర్లు చిన్నవి కావు. 1925లో సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య, 1940లో నిజాంపూర్‌లో పుట్టిన కలాల్ లక్ష్మాగౌడ్ ఆ జిల్లావాళ్ళే. వీళ్ళ గురించి రాసేవాళ్ళు ‘పల్లె ప్రేరణ’ అనే మాట తప్పకుండా వాడుతారు. పల్లె అంటే ఎవరు? వూరా, వాడా? ఆ ప్రశ్న దగ్గర ఆగేవాళ్ళు తక్కువ.

కాపు రాజయ్య గీతకూ రంగుకూ నకాషీ పటం ఒక మూలం. చేర్యాల నకాషీలు ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెడుతరు. దాని మీద ఎర్రటి నేపథ్యంలో కథను వరుసలు వరుసలుగా దించుతరు. కళా పుస్తకాలు చెప్పేది ఇక్కడిదాకనే. గీయించేదెవరు అన్నదే అసలు సంగతి. సంప్రదాయంలో నకాషీ తనకు తోచిన బొమ్మ తాను గీసి అమ్ముకునేవాడు కాదు. కాకిపడగలవాళ్ళు ముదిరాజుల కోసం పాండవుల కథను, కూనపులివాళ్ళు పద్మశాలీల కోసం మార్కండేయ పురాణాన్ని, డక్కలివాళ్ళు మాదిగల కోసం జాంబపురాణాన్ని గీయించుకున్నారు. కథ వరుస చెప్పేది కథకుడు, గీసేది నకాషీ. గింజలిచ్చి ఆ కథకుణ్ణి బతికించేది కథ వినే కులం. అంటే ఒక్క పటం వెనుక మూడు కులాల చేతులున్నాయి. ‘సృజన’ అంటే ఒంటరి కళాకారుడి మనసులో మెరిసే మెరుపు అనుకునే విమర్శకు ఈ లెక్క అందదు.

జాంబపురాణం ఏం చెబుతున్నది? ఆది జాంబవుడు భూమి కంటే ముందు పుట్టినోడు, అందరికంటే పెద్దోడు అని. గుడి మెట్టు ఎక్కనివ్వని జాతి తన పుట్టుకను గుడ్డ మీద గీయించుకొని వాడ నడుమ వేలాడదీసుకున్నది. కాబట్టి మాదిగవాడను చిత్రకళకు ‘ముడిసరుకు’ అనడం చరిత్రకు విరుద్ధం. ఆ వాడ బొమ్మకు పోషకురాలు, ప్రేక్షకురాలు, కథ తప్పితే నిలదీసే విమర్శకురాలు.

మరి ఆ పాత పటాలేవి? హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో 1625 నాటి భావనారుషి పటం వుంది. అది పద్మశాలీల కథ. అది మిగిలింది గనుక దానికి తేదీ వున్నది. చిరిగి పాతబడ్డ పటాన్ని పూజ చేసి నీళ్ళలో కలపడం మాత్రం ఆచారం. నీళ్ళలో కలిసినదానికి మ్యూజియం నంబరు వుండదు. ‘ఆధారం దొరకలేదు’ అన్న మాటను ‘వాళ్ళకు కళ లేదు’ అని చదవకూడదని చెప్పడానికే ఇదంతా.

ఇక లక్ష్మాగౌడ్. హైదరాబాద్‌లో చదువుకొని 1963లో బరోడా పోయి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నాడు. ఎచింగ్‌లో లోహపు రేకుకు పూత పూసి సూదితో గీస్తరు. ఆమ్లంలో ముంచితే గీసిన చోట గాడి పడ్తది. ఆ గాడిలో సిరా నింపి, తడి కాగితం పరచి ప్రెస్సులో తిప్పుతరు. ఈ పద్ధతిలో ఆయన మేకలను, చెట్లను, సిగ్గుపడని ఆడామగా దేహాలను గీశాడు. పేరులోనే కల్లు కులాన్ని మోసే మనిషి, పైకులాల మర్యాద దాచిపెట్టిన దేహాన్ని గ్యాలరీలోకి తెచ్చాడు. ఇది చిన్న విషయం కాదు.

1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బొమ్మల్లో పెద్ద బొట్టు, నిండు రంగుల చీర, నగలు వుంటాయి. ఆయనే బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు పొందాడు. ఆ సినిమాలో వున్నది గడి గోడల నడుమ నలిగిపోయిన ఆడమనిషి. ఒకే చేయి చేసిన రెండు పనులివి. మొదటిది గోడలకెక్కింది. రెండోదాన్ని దాని పక్కన పెట్టి చూడమంటున్నాం.

జిన్నారం బెల్టులో ఇప్పుడు ఏం జరుగుతున్నది? 2007లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నది. వాగు పాడైతే పొలం పోతది, పొలం పోతే కళ్ళం పోతది. కళ్ళం కాడ గింజలడిగే డక్కలి హక్కు కూడా దానితోనే పోతది. గీయించేవాడు కూలీ అయ్యాక నకాషీ కుంచె నగరపు గోడల అలంకారానికి, మాస్కులకు మళ్ళింది. ప్రభుత్వం లక్ష్మాగౌడ్‌కు 2016లో, డక్కలి కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చింది. మంచిదే. కాని సన్మానం మనిషికే అందుతది, వాడకూ పటానికీ వున్న సంబంధం దానితో తిరిగి రాదు.

అందుకే మేం కోరేది ఇదీ: పటాన్ని కథకుడి నుంచి విడదీసి కొనొద్దు. పటం ఆ ఇంట్లోనే వుండాలి. కథతో సహా, కథకుడి గొంతుతో సహా రికార్డు కావాలి. మ్యూజియం చీటీ మీద గీసినవాడి పేరు పక్కన గీయించిన వాడ పేరు కూడా రాయాలి. చిత్రకళ చరిత్ర ఆ రెండో పేరుతో మొదలుకావాలె.