ముద్ర అరగదీసిన కత్తి

2019 ఏప్రిల్‌లో సంగతి. ఇంగ్లండు ఉత్తరాన ఒక ఊళ్ళో, హోటల్ హాల్లో, చేత్తో చేసిన కత్తుల ప్రదర్శన పెట్టారు. నేను కత్తుల మనిషిని కాను. బ్యాంకుల పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త కంప్యూటర్ల మీదికి ఎక్కించడం నా ఉద్యోగం. ఇంట్లో ఉల్లిపాయల డ్యూటీ పడితే తప్ప కత్తి పట్టే పని లేదు. గ్లాస్గోలో మా పక్కింటి పెద్దాయన కోసం వెళ్ళాను. ఆయన క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో చిన్న కొలిమి పెట్టుకుని కత్తులు చేస్తుంటాడు. అప్పుడే మోకాలికి ఆపరేషన్ అయింది, కారు నడపలేడు. శనివారమే కదా అని నేను తీసుకెళ్ళాను.

బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి పదకొండు కత్తులు పెట్టాడు. ఒక్కోదాని వెనకా ముప్ఫై, నలభై గంటల పని ఉంటుంది. సాయంత్రం సర్దుకుంటూ లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి. దుప్పికొమ్ము పిడి వేసిన వేటకత్తి ఒకటి, చిన్న మడతకత్తి ఒకటి కనపడలేదు. మధ్యాహ్నం ఆయన టీ తాగొస్తానని వెళ్ళినప్పుడు పదిహేను నిమిషాలు కాపలా నాదే. అందులో ఒక నిమిషమో, రెండు నిమిషాలో ఆఫీసు నుంచి వచ్చిన మెసేజి చూసుకున్నాను. కత్తులు అప్పుడే పోయాయో, తర్వాత పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తిరుగుదారిలో, నగల షాపులోలాగా అద్దాల పెట్టెలో పెట్టచ్చు కదా అని అడిగాను. "చేత్తో పట్టుకుని చూడకుండా కత్తి ఎవరు కొంటారు?" అన్నాడు. నిజమే. బరువు ఎక్కడ పడుతోందో, పిడి అరచేతిలో ఎలా కూర్చుంటోందో చూపుతో తెలిసేవి కావు. అందుకే అక్కడ సరుకంతా ముందుకు తోసి పెడతారు, వచ్చినవాడి చేతికిస్తారు. అంత నమ్మకం మీద నడిచే సంతలో దొంగకి పెద్ద కష్టమేమీ లేదు. ఈ దేశంలో మూడంగుళాల్లోపు మడతకత్తి అయితే తప్ప, సరైన కారణం లేకుండా కత్తి వెంట పెట్టుకుని బయట తిరగడమే నేరం. కాబట్టి ఆ వేటకత్తిని కోటు కింద దాచుకుని గుమ్మం దాటిన మహానుభావుడు ఒకేసారి రెండు నేరాలు చేశాడు.

పోలీసులు అడిగిన మొదటి ప్రశ్న, "మీవేనని ఎలా గుర్తుపడతారు?" పెద్దాయన ఫోటోలు ఇచ్చాడు. పిడికి పక్కన, బ్లేడు మొదట్లో కొట్టిన తన ముద్ర చూపించాడు. ఈ దేశంలో ముద్ర చిన్న విషయం కాదు. కత్తులకి పేరుపడ్డ షెఫీల్డు ప్రాంతంలో 1624లో పార్లమెంటు చట్టం చేసి మరీ కత్తులవాళ్ళ సంఘం ఏర్పాటు చేసింది. ఎవరి ముద్ర ఏదో ఆ సంఘం దగ్గర నమోదయ్యేది, ఒకడి ముద్ర ఇంకొకడు కొడితే జుల్మానా. కత్తి ఎత్తుకుపోవడం ఒక దొంగతనం, పేరు ఎత్తుకుపోవడం ఇంకో దొంగతనం అని వాళ్ళకి నాలుగు వందల ఏళ్ళ కిందటే తెలుసన్నమాట.

మూడో రకం కూడా ఉంది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు షెఫీల్డు దగ్గర మట్టిమూసల్లో ఉక్కు కరిగించడం సాధించి, ఆ పద్ధతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. శామ్యూల్ వాకర్ అనే పోటీదారు బిచ్చగాడి వేషం వేసుకుని, మంచు కురిసే రాత్రి చలి కాచుకుంటానని కొలిమి దగ్గర చేరి, పని మొత్తం చూసి పోయాడని కథ. ఎంత నిజమో గానీ షెఫీల్డువాళ్ళు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం వింటుంటే నవ్వొచ్చింది. మట్టిమూసల్లో ఉక్కు చేయడం మా ఊరివాళ్ళకి అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందే వచ్చు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

2021 చివర్లో వేటకత్తి దొరికింది. స్కాట్లండులోనే ఇంకో సంతలో, పాత సామాన్లమ్మే బల్ల మీద. ముద్ర ఉండాల్సిన చోట నున్నగా అరగదీసి ఉంది. కానీ బ్లేడు వీపు మీద పెద్దాయన ఆకురాయితో చెక్కిన తీగ అలాగే ఉంది. అందులో ఒక ఆకు దగ్గర చెయ్యి జారి గీత పక్కకి పోయిందట. ఆ తప్పు చూసి గుర్తుపట్టాడు. అమ్మేవాడు గొడవపడ్డాడు. తను తొంభై పౌండ్లిచ్చి కొన్నాడు, కొన్న సంగతి దాచలేదు కూడా. చివరికి పోలీసుల ముందు కత్తి వదులుకోక తప్పలేదు.

ఇదే కొన్నేళ్ళ ముందు ఇంగ్లండులో జరిగి ఉంటే సరదాగా ఉండేది. అక్కడ మధ్యయుగాల నుంచి వచ్చిన ఒక నియమం ఉండేది. అనాదిగా నడుస్తున్న బహిరంగ సంతలో, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య, మోసం తెలియకుండా కొన్నవాడిదే వస్తువు, అది దొంగసొత్తయినా సరే. పదిమంది కళ్ళ ముందు, పట్టపగలు అమ్ముతుంటే సొంతదారు వచ్చి చూసుకోవాలి కదా అని దాని తర్కం. ఊరికొక సంత ఉన్న రోజుల్లో చెల్లింది. తర్వాత లండన్‌లో బెర్మండ్సీ సంతలాంటి చోట్ల తెల్లారగట్ట పాత సామాన్ల బేరాలకి ఇదే అండ అయింది. 1994లో పార్లమెంటు ఆ నియమాన్ని రద్దు చేసింది. స్కాట్లండులో అయితే అది ఎప్పుడూ లేదు. ఇక్కడ మొదటి నుంచీ ఒకటే మాట: తనది కానిది ఎవడూ ఇంకొకడికి ఇవ్వలేడు.

పెద్దాయన ఆ అమ్మేవాడి చేతిలో నలభై పౌండ్లు పెట్టాడు. ఎందుకని అడిగాను. "అతను దొంగ కాదుగా" అన్నాడు.

2022 ఆగస్టులో ఒకరోజు ఆయన పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మీ ఊరి కత్తట, చూశావా" అన్నాడు. ఆ నెల 19న కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో గ్లాస్గో నగరం భారతదేశంతో ఒప్పందం చేసుకుంది. ఏడు వస్తువులు తిరిగి ఇచ్చేస్తామని. బ్రిటన్‌లో ఒక మ్యూజియం భారతదేశానికి ఇలా ఒప్పుకుని ఇవ్వడం అదే మొదలు. అంతకు ముందు ఏప్రిల్‌లోనే నగర కౌన్సిల్ మొత్తం 51 వస్తువులు తిప్పి పంపడానికి సరేనంది. అందులో బెనిన్ కంచు బొమ్మలున్నాయి, అమెరికాలోని లకోటా జాతివాళ్ళ వస్తువులున్నాయి. మన ఏడింటిలో ఆరు ఉత్తరాది గుళ్ళ నుంచి పందొమ్మిదో శతాబ్దంలో పెకలించుకొచ్చిన రాళ్ళు. వాటి గురించి వాదనేమీ లేదు. ఏడోది హైదరాబాదు నిజాం కత్తి.

పాము వంపుల బ్లేడు, రంపపు పళ్ళ అంచు, నీటి అలల్లాంటి చారలు, బంగారంతో వేసిన ఏనుగు, పులుల బొమ్మలు. పద్నాలుగో శతాబ్దానిదని అంచనా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్ని 1903 ఢిల్లీ దర్బారులో ప్రదర్శించాడు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం పేరుతో కర్జన్ పెట్టిన ఆ ఆర్భాటానికి చక్రవర్తి రానేలేదు, తమ్ముణ్ణి పంపాడు. సంస్థానాధీశులు మాత్రం ఉన్నవన్నీ పెట్టుకుని వెళ్ళారు. ఒక విధంగా అదీ మేం వెళ్ళినలాంటి ప్రదర్శనే, బల్ల పెద్దది, అంతే. ఎవరి దగ్గర ఏముందో ఊరందరికీ తెలిసిపోయింది. రెండేళ్ళకి, 1905లో, ఆ కత్తి బొంబాయి సైన్యాధిపతి జనరల్ సర్ ఆర్చిబాల్డ్ హంటర్ చేతికి వచ్చింది. సూడాన్‌లో, లేడీస్మిత్‌లో యుద్ధాలు చేసి పేరుమోసిన మనిషి. 1978లో ఆయన బంధువు దాన్ని గ్లాస్గో మ్యూజియాలకి కానుకగా ఇచ్చాడు.

హంటర్ దాన్ని లాక్కోలేదు, కొన్నాడు. అమ్మింది హైదరాబాదు ప్రధానమంత్రి మహారాజా కిషన్ పర్షాద్. నిజాం సేకరణ నుంచి ప్రధానే దొంగిలించి అమ్మాడని గ్లాస్గో ప్రకటన. హైదరాబాదు చరిత్ర తెలిసినవాళ్ళు చాలామందికి ఇది మింగుడుపడలేదు. నాకూ పడలేదు. కిషన్ పర్షాద్ అంటే దారిన పోతూ నాణేలు వెదజల్లే దాత, "షాద్" పేరుతో ఉర్దూలో కవిత్వం రాసినవాడు. 1901 నుంచి 1912 దాకా ప్రధానిగా ఉన్నాడు, అంటే 1905 తర్వాత కూడా ఏడేళ్ళు. మళ్ళీ 1926లో ఏడో నిజాం పిలిచి అదే పదవి ఇచ్చాడు. ప్రభువు కత్తి దొంగిలించినవాడికి ఇలా జరుగుతుందా? నిజాం కానుకగా ఇచ్చి ఉండచ్చుగా?

అయితే ఇంకోవైపు చూస్తే ఆ ఇంట్లో ఒక కత్తి పోతే ఎవరికి తెలుస్తుంది? జాకబ్ వజ్రం కోసం కోర్టు దాకా వెళ్ళిన మహబూబ్ పాషా దాన్ని చెప్పులో పడేస్తే, ఆయన పోయాక కొడుకు చూసి బయటికి తీశాడంటారు. అంత పెద్ద వజ్రానికే లెక్క లేని చోట కత్తుల లెక్క ఎవరు రాస్తారు? (పాము కరిచినవాళ్ళు మహబూబ్ పాషా పేరు తలుచుకుంటే విషం దిగుతుందని మా తాతల కాలంలో నమ్మేవారు. ఆయన పాము కత్తికి మాత్రం ఆ రక్ష పనిచేయలేదు.)

నేను చివరికి తేల్చుకున్నది ఇది. కత్తి తిరిగి ఇవ్వడం సబబే, కాని కిషన్ పర్షాద్ మీద "దొంగ" అన్న ముద్ర కొట్టడానికి ఉన్న సాక్ష్యం చాలదు. సైన్యం ఎవరి చేతిలో ఉందో ఆ జనరల్, కింద ఉన్న సంస్థానంలో ప్రధాని దగ్గర వస్తువు మీద మనసుపడితే, అది ఎంతవరకు అమ్మకం, ఎంతవరకు సమర్పణ? ఆ ప్రశ్న వేయకుండా తప్పంతా స్థానిక మంత్రి మీదికి తోస్తే కొన్న జనరల్ సులువుగా బయటపడతాడు. 117 ఏళ్ళ తర్వాత కోర్టులో నిలిచే దావా కాదిది. గ్లాస్గో తనంతట తాను ఇచ్చింది. అందుకు ఈ ఊరివాడిగా నాకు సంతోషమే.

ఇదంతా చెప్తుంటే పెద్దాయన ఓపిగ్గా విని, ఫోటోలో బ్లేడు మీద చారలు చూస్తూ, "ఇంతకీ చేసిందెవరు?" అన్నాడు. నేను వెతికాను. నిజాం పేరుంది, ప్రధాని పేరుంది, జనరల్ పేరు, బంధువు పేరు ఉన్నాయి. కమ్మరి పేరు ఎక్కడా కనపడలేదు.

అప్పుడు కోనసముద్రం గురించి చెప్పాను. మాది నిజామాబాద్ జిల్లా ఆర్మూరు వైపు, అక్కణ్ణించి ఎంతో దూరం కాదు. ఇంగ్లీషువాళ్ళు "ఊట్జ్" అన్నది మన ఉక్కునే. ఆ ఊళ్ళో కమ్మర్లు మట్టిమూసల్లో చేసే ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి మకాం వేసేవారు. 1820ల్లో హెన్రీ వాయ్సీ అనే డాక్టరు ఆ ఊరు వెళ్ళి చూసి రాస్తే, అది 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కొలిమి దగ్గరే కూర్చుని ఉక్కు తూకం వేయించుకోవడం కూడా అందులో ఉంది. ఆ ముద్దల్ని పడమటి దేశాల్లో సాగగొడితే నీటిచారలు తేలేవి. లోకం వాటికి పెట్టుకున్న పేరు డమాస్కస్. ఇందులో దొంగతనం లేదు. మనవాళ్ళు డబ్బు తీసుకునే అమ్మారు, ముద్ర వేయాలని ఎవరికీ తోచలేదు, అంతే. నా చిన్నతనంలో ఆ పొలాల్లో చిట్టెపు రాళ్ళు కాళ్ళకి తగిలేవి. అవేమిటో బడిలో ఎవరూ చెప్పలేదు. గ్లాస్గోలో ఒక వెల్డరుకి చెప్పడానికి యాభై దగ్గర పడ్డాక చదివి తెలుసుకున్నాను.

దొరికిన వేటకత్తికి ముద్ర మళ్ళీ కొట్టచ్చు కదా అంటే, అరగదీసిన చోట లోహం పల్చబడింది, కుదరదన్నాడు. పోయిన క్రిస్మస్‌కి దాన్ని పాత పేపర్లో చుట్టి తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాడు. మా ఇంట్లో కొబ్బరి దానితోనే కోస్తున్నాం. మడతకత్తి ఇంకా దొరకలేదు.