కారు బ్యాటరీని డిక్కీలోకి మార్చడం

బానెట్ కింద ఇంజన్ పక్కన ఉండే 12 వోల్టుల బ్యాటరీని తీసి వెనక డిక్కీలో బిగించి, అక్కడి నుంచి ముందున్న సెల్ఫ్ మోటారు దాకా మందపాటి కేబుల్ లాగే పనిని బ్యాటరీ స్థానమార్పు అంటారు. ముందు చక్రాల మీద బరువు తగ్గించడానికి, బానెట్ కింద చోటు మిగుల్చుకోవడానికి, ఇంజన్ వేడి నుంచి బ్యాటరీని కాపాడుకోవడానికి ఈ పని చేయిస్తారు. బ్యాటరీని మోసుకెళ్లి వెనక పెట్టడం పది నిమిషాల పని. కష్టమంతా కేబుల్‌లో, ఫ్యూజులో, గాలి పోయే దారిలో, బిగింపులో ఉంటుంది.

చరిత్ర

సీసం పలకలు, గంధకామ్లంతో పనిచేసే తిరిగి ఛార్జి చేయగల బ్యాటరీని ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. 1881లో కమీల్ ఫోర్ పలకలకు సీసపు ముద్ద పూసే పద్ధతి కనిపెట్టాక దాన్ని కర్మాగారాల్లో పెద్ద ఎత్తున చేయడం వీలైంది. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చింది. దాంతో హ్యాండిల్ తిప్పే శ్రమ తప్పింది కానీ, బ్యాటరీ మీద కొత్త భారం పడింది. ఇంజన్ కదిలే రెండు మూడు సెకన్లలో అది వందల ఆంపియర్లు ఇవ్వాలి. అంత కరెంటుకు కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. చాలా కార్లలో బ్యాటరీ ఇంజన్ పక్కన ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

కంపెనీలే వెనక పెట్టిన కార్లు కూడా ఉన్నాయి. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీలో ఇంజన్‌ను అడ్డంగా కూర్చోబెట్టడంతో ముందు చోటు చాలక బ్యాటరీ డిక్కీలోకి వెళ్లింది. 1989లో వచ్చిన మాజ్డా ఎమ్‌ఎక్స్-5లో, బీఎమ్‌డబ్ల్యూ 3 సిరీస్ కార్లు కొన్నింటిలో బరువు ముందూ వెనకా సమంగా ఉండాలని డిక్కీలో పెట్టారు. టొయోటా ప్రియస్ రెండు, మూడు తరాల్లో 12 వోల్టుల చిన్న బ్యాటరీ వెనకే ఉంటుంది. మన టాటా నానోలో అది డ్రైవర్ సీటు కింద ఉంటుంది. ఈ కార్లలో కేబుల్ దారి, వాయువు బయటకు పోయే గొట్టం, బిగింపు అన్నీ డిజైన్ నాడే ఆలోచించి పెట్టినవి. తర్వాత గ్యారేజీలో మార్పించుకునేవారు ఆ బాధ్యతంతా తమ నెత్తిన వేసుకుంటున్నట్టే.

బళ్లారి ఎండ, బ్యాటరీ ఆయుష్షు

కర్ణాటకలోని బళ్లారిలోనైనా, సరిహద్దుకు ఇవతల ఆంధ్రలోని ఆదోని, రాయదుర్గాల్లోనైనా ఎండ ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది.

బ్యాటరీకి ఈ ఎండ చేటు. వేడి 8 నుంచి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. వేడికి నీరు ఆవిరవుతుంది, పాజిటివ్ పలకల లోపలి జాలీ తుప్పు పట్టి తొందరగా పెళుసవుతుంది. ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిచే కారులో బానెట్ కింది వేడి బయటి ఎండకంటే చాలా ఎక్కువ. అందువల్ల నడుస్తున్న కారులో డిక్కీ బ్యాటరీకి చల్లని చోటే. కానీ నీడ లేని వీధిలో పొద్దంతా నిలబెట్టిన కారులో డిక్కీ కూడా కాలిపోతుంది. వేడి ఒక్కదాని కోసమే మార్చాలనుకునేవారు ఈ రెండో సంగతి మరవకూడదు.

వేడి దేశానికి తగిన బ్యాటరీల తయారీలో తెలుగు నేలకు పెద్ద పేరుంది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడిలో మొదలై, అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు తెచ్చింది.

బరువు లెక్క

చిన్న కారు బ్యాటరీ 10 కిలోల లోపు, డీజిల్ కారుది 15 కిలోలు, ఆపైన ఉంటుంది. ఉదాహరణకు 1,000 కిలోల కారు తీసుకుందాం. ముందు చక్రాల మీద 600 కిలోలు, చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు. ముందు ఇరుసు మీదున్న 15 కిలోల బ్యాటరీని వెనక ఇరుసు దాటి 40 సెంటీమీటర్ల వెనక్కు జరిపితే, ముందు చక్రాల మీది భారం సుమారు 17.5 కిలోలు తగ్గుతుంది. అంటే 60 శాతం కాస్తా 58.25 అవుతుంది. రేసు ట్రాక్‌లో ఈ తేడాకు విలువ ఉంటుంది. బళ్లారి నుంచి గుంతకల్లుకో ఆదోనికో పిల్లలతో, సామాన్లతో వెళ్లే కారులో దీన్ని ఎవరూ పసిగట్టలేరు. పైగా కొత్త కేబుల్, పెట్టె, క్లాంపులు కలిసి మూడు నాలుగు కిలోలు అదనంగా చేరతాయి.

కేబుల్

డిక్కీ నుంచి సెల్ఫ్ మోటారుకు సుమారు 5 మీటర్ల కేబుల్ పడుతుంది. చిన్న పెట్రోలు ఇంజన్ సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, రాగి కేబుల్ మందాన్నిబట్టి దారిలోనే పోయే వోల్టేజీ ఇలా ఉంటుంది: 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 1.07 వోల్టులు, 25లో 0.69, 35లో 0.49, 50లో 0.34. పాజిటివ్ దారిలో అర వోల్టు మించి పోకూడదన్నది ఆటో ఎలక్ట్రీషియన్లు పాటించే హద్దు. కాబట్టి పెట్రోలు కారుకు కనీసం 35, డీజిల్‌కు 50 లేదా అంతకన్నా మందం వాడాలి. రాగి పూసిన అల్యూమినియం కేబుల్ చవకగా దొరుకుతుంది. దాని నిరోధం ఎక్కువ కనుక ఈ లెక్క దానికి వర్తించదు.

నెగటివ్‌ను సాధారణంగా డిక్కీలోనే బాడీకి ఎర్త్ చేస్తారు. ఎర్త్ పెట్టే చోట పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, బోల్టు బిగించాక తుప్పు పట్టకుండా గ్రీజు పూయాలి. ముందు ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ కూడా అంతే మందంగా ఉండాలి. వెనకంతా చక్కగా చేసి ఈ పట్టీని పాతదే వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. అప్పుడు తాళం తిప్పితే ఇంజన్ తిరగదు, టక్ టక్ మన్న చప్పుడే వినిపిస్తుంది. బ్యాటరీ చెడిందనుకుని కొత్తది కొంటారు, చప్పుడు మాత్రం పోదు. మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొసను ఇంజన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తే అసలు సంగతి తేలిపోతుంది. 0.2 వోల్టులకు మించి చూపిస్తే తప్పు ఎర్త్‌ది, బ్యాటరీది కాదు.

కేబుల్ కొసను బోల్టుకు కలిపే లగ్‌ను హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాలి. సుత్తితో కొట్టి, టేపు చుట్టిన లగ్ కొన్ని నెలల్లో వదులై వేడెక్కుతుంది. బాడీ రేకులో రంధ్రం చేసిన ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. రేకు అంచు కత్తిలా ఉంటుంది, కారు కుదిపిన ప్రతిసారీ కేబుల్ తొడుగును కొంచెం కొంచెంగా కోస్తుంది. సైలెన్సర్ పైపుకూ, పెట్రోలు పైపుకూ, సీటు పట్టాలకూ దూరంగా కేబుల్ నడపాలి.

ఫ్యూజు

ఈ పనిలో ప్రాణం మీదికి తెచ్చేది ఫ్యూజు లేకపోవడమే. కంపెనీ కార్లు చాలావాటిలో సెల్ఫ్ కేబుల్‌కు ఫ్యూజు ఉండదు, ఎందుకంటే ఆ కేబుల్ పొట్టిది, ఇంజన్ దగ్గరే ముగుస్తుంది. డిక్కీ నుంచి వచ్చే కేబుల్ మనుషులు కూర్చునే చోటు మీదుగా, కార్పెట్ కింద నుంచి పోతుంది. ఎక్కడైనా తొడుగు చిరిగి రాగి బాడీకి తగిలితే వెయ్యి ఆంపియర్లు దాటిన కరెంటు పారుతుంది. కేబుల్ ఎర్రగా కాలి కార్పెట్, సీటు అంటుకుంటాయి.

అందుకే పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోనే బోల్టు ఫ్యూజు ఉండాలి. సెల్ఫ్ లాగే కరెంటును ఓర్చుకుంటూనే కేబుల్ కాలకముందే ఎగిరిపోయేలా దాన్ని ఎంచుకోవాలి. 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ ఉన్న చిన్న పెట్రోలు కారుకు సాధారణంగా 200 నుంచి 250 ఆంపియర్లది నప్పుతుంది. బీఎమ్‌డబ్ల్యూ ఇదే సమస్యకు మరో దారి వెతికింది: ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే వేళ చిన్న మందుగుండుతో టెర్మినల్ కేబుల్‌ను తెంపేస్తుంది. అమెరికా డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, బ్యాటరీ చోటు మార్చిన కార్లకు వెనక బయటి నుంచి ఆపగలిగే మెయిన్ స్విచ్ ఉండాలంటుంది. ఆ స్విచ్ ఆల్టర్నేటర్ కరెంటును కూడా తెంపాలి. లేకపోతే బ్యాటరీ తెగినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది.

గాలి, బిగింపు

ఛార్జి అయ్యేటప్పుడు యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ సీట్లకూ మధ్య గోడ ఉండదు కాబట్టి, ఆ వాయువూ యాసిడ్ ఆవిరీ మనుషుల దగ్గరికే వస్తాయి. నీళ్లు పోసే బ్యాటరీ అయితే మూసిన పెట్టెలో పెట్టి, దాని గొట్టాన్ని కారు కిందికి బయటకు తీయాలి. యాసిడ్‌ను గాజు దూదిలో పీల్చి ఉంచే ఏజీఎమ్ బ్యాటరీ మేలు. అతిగా ఛార్జి అయితే అది కూడా వాయువు వదులుతుంది కాబట్టి గొట్టం దానికీ ఉండాలి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ సిలిండర్ ఉన్న డిక్కీలో బ్యాటరీ పెట్టనే కూడదు.

15 కిలోల బ్యాటరీ, కారు గుద్దుకున్నప్పుడు 20 రెట్ల భూమ్యాకర్షణకు లోనైతే 300 కిలోల బలంతో ముందుకు దూసుకొస్తుంది. ప్లాస్టిక్ పట్టీ దాన్ని ఆపలేదు. బాడీ రేకును దాటి కింద ఇనుప పలక వేసి, బోల్టులతో బిగించాలి. వెనక నుంచి గుద్దితే నలిగే బంపరు అంచున కాకుండా ఇరుసుకు దగ్గరగా పెట్టాలి.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. రిజిస్ట్రేషన్ పత్రంలో బ్యాటరీ చోటు రాయరు. అయినా వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిముల్లో పేచీ రావచ్చు కాబట్టి, పని మొదలుపెట్టకముందే కారు కంపెనీకీ, ఇన్సూరెన్స్ కంపెనీకీ రాసి అడగడం మంచిది. తీసేసిన పాత బ్యాటరీని 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం చెత్తలో వేయకూడదు, అమ్మకందారుకో సేకరణ కేంద్రానికో అప్పగించాలి.

ఎవరికి తగినది

రేసుల్లో నడిపే కారుకు, ఇంజన్ మార్పుతో ముందు చోటు లేని కారుకు ఈ మార్పు తగినది. రోజూ నడిపే కుటుంబ కారుకు అవసరం లేదు. వేడి బాధకు బ్యాటరీ చుట్టూ వేడిని ఆపే కవరు, శుభ్రమైన టెర్మినళ్లు, నీడలో పార్కింగ్ తక్కువ ఖర్చులో ఎక్కువ మేలు చేస్తాయి. ఇప్పటికే బ్యాటరీ డిక్కీలో ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు మ్యాటు ఎత్తి చూడండి. టెర్మినల్ దగ్గర ఫ్యూజు కనిపించకపోతే నెగటివ్ తీసేసి, ఫ్యూజు పెట్టించాకే కారు కదపండి.