యుగం మారితే తూము ఎవరు తీయాలె?

సివిలైజేషన్ ఆటల వరసలో ఏడోది 2025 ఫిబ్రవరి 11న విడుదలైంది. ఆ రోజు మొదలైన తగువు ఇంకా తెగలేదు. స్టీమ్‌లో రివ్యూలు చూస్తే మెచ్చుకోళ్ళూ తిట్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. ధర ఎక్కువన్నారు, తెర మీద సమాచారం అర్థమయ్యేలా లేదన్నారు. కొత్త ఆట ఏదొచ్చినా వినపడే మాటలే ఇవి. అసలు తగువు వేరే ఉంది. అది చరిత్రకి సంబంధించింది కాబట్టి ఆట ఆడనివాళ్ళకి కూడా పట్టింపు ఉండాల్సింది.

ఆడనివాళ్ళ కోసం రెండు మాటలు. 1991లో సిడ్ మెయర్ పేరుతో వచ్చిన మొదటి ఆట నుంచి ఆరోదాకా ఒప్పందం ఒక్కటే. క్రీస్తుపూర్వం 4000లో ఒక జాతిని ఎంచుకుంటారు, ఒక ఊరు కడతారు. మీ వంతు, తర్వాత అవతలివాళ్ళ వంతు, చదరంగంలాగే. నాగలి నుంచి రాకెట్ దాకా జాతి అదే, పేరూ అదే. ఏడో ఆట ఈ ఒప్పందాన్ని తెంచేసింది. ఇప్పుడు ఆటలో మూడు యుగాలున్నాయి: ప్రాచీనం, అన్వేషణ, ఆధునికం. ఒక్కో యుగం చివర్లో ఒక సంక్షోభం వస్తుంది, దండయాత్రో మహమ్మారో తిరుగుబాటో. అది గడిచాక నాయకుడు మిగులుతాడు గానీ రాజ్యం మిగలదు, కొత్తది ఎంచుకోవాలి. అశోకుడితో మౌర్యులుగా మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో చోళులై, చివరికి మొఘలులై తేలొచ్చు. మామూలుగా రాజధాని తప్ప మిగతా నగరాలన్నీ మళ్ళీ పట్టణాలైపోతాయి. పాత భవనాల విలువ పడిపోతుంది.

2021లో వచ్చిన హ్యూమన్‌కైండ్ ఇలాంటి పని ముందే చేసింది. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటున్న సివ్ అభిమానులకి ఇది సొంతింట్లో జరిగిన దొంగతనంలా అనిపించింది. ఆరువేల ఏళ్ళు పోషించుకున్న నా రోమ్ ఇంకెవరిదో ఎందుకవ్వాలి అన్నది వాళ్ళ ప్రశ్న. చివరికి తయారీదార్లు ఫిరాక్సిస్ ఒక మెట్టు దిగి, ఒకే రాజ్యంతో చివరిదాకా ఆడుకునే వీలు మీద పనిచేస్తున్నామని 2025 చివర్లో ప్రకటించారు.

రాజ్యం మారాలా, ఉండాలా? ఈ ప్రశ్నని ఓరుగల్లు చుట్టూ ఉన్న మూడు జిల్లాల్లో, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో పెట్టి చూస్తే రెండు పక్షాలూ ఒక మనిషిని మర్చిపోయాయని తెలుస్తుంది. ఎవరా మనిషి అన్నది కాసేపట్లో.

కట్ట మీద వంశవృక్షం

ఆటలో కాకతీయులు లేరన్న ఫిర్యాదుతో మొదలుపెట్టొచ్చు. లేరు, నిజమే. పాటలీపుత్రం నుంచి తంజావూరుకి, అక్కణ్ణుంచి ఢిల్లీకి దూకే ఆ భారతదేశపు దారిలో మధ్య దక్కన్ మొత్తం గెంతులో పోయింది. కానీ రేపు కాకతీయుల్ని చేర్చినా ఏం చేస్తారో ఊహించొచ్చు. గుర్రం మీద రుద్రమదేవి, వింత కట్టడంగా వేయిస్తంభాల గుడి, 1244 నాటి మోటుపల్లి అభయ శాసనం పేరు చెప్పి సముద్ర వ్యాపారానికి కాస్త అదనపు బంగారం. అన్నీ న్యాయమైనవే. అయినా అసలు సంగతి బయటే ఉండిపోతుంది.

అసలు సంగతి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఉంది. ఈమధ్య బయ్యారం అనగానే ఇనుప ఖనిజం, ఉక్కు ఫ్యాక్టరీ వాగ్దానం గుర్తొస్తాయి. అంతకన్నా చాలా ముందునుంచీ అక్కడొక పెద్ద చెరువుంది. దాన్ని కట్టించింది గణపతిదేవుడి చెల్లెలు, నతవాడి రుద్రుడి భార్య మైలమ. ఆ చెరువు శాసనం వెన్నడితో మొదలుపెట్టి గణపతిదేవుడి దాకా కాకతీయుల వంశాన్ని వరసగా చెబుతుంది. తొలి కాకతీయుల గురించి రాసిన శాసన పరిశోధకులు ఎవరైనా ఈ రాయి దగ్గర ఆగాల్సిందే.

ఒక్క క్షణం ఆలోచించండి. ఒక రాజవంశపు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ముఖ్యమైన ఆధారం మనకి దొరికింది సింహాసనం దగ్గర కాదు, చెరువు దగ్గర. చెప్పించింది రాజు కాదు, ఆడపడుచు. మా వంశం గొప్పది అని ఊరికే అంటే ఎవరు వింటారు? నీళ్ళు పారుతున్నంతకాలం జనం ఆ దారిన వస్తారు, రాయి కనిపిస్తుంది. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యానికి చిక్కింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఆట భాషలో చెప్పాలంటే యుగం ముగిసింది. బయ్యారం చెరువుకి ఆ కబురు అందలేదు. మరుసటి వానాకాలం కూడా నిండే ఉంటుంది.

తలా ఒక యుగం

ఆటలో యుగం అందరికీ ఒకేసారి మారుతుంది. గంట కొట్టినట్టు ప్రపంచం మొత్తం ఒక్క టర్న్‌లో ప్రాచీనంలోంచి బయటికొస్తుంది. భూపాలపల్లి జిల్లాలో ఒకసారి తిరిగితే ఈ లెక్క ఎంత కుదరదో తెలుస్తుంది. పాండవుల గుట్ట రాతి మీద ఆదిమ మానవుల బొమ్మలున్నాయి. గణపురంలో కాకతీయుల నాటి కోటగుళ్ళు, గణపసముద్రం. అదే మండలంలో చెల్పూరు దగ్గర బొగ్గుతో నడిచే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, మొత్తం 1,100 మెగావాట్లు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు. మూడు యుగాలూ ఒకదాని తర్వాత ఒకటి రాలేదు, పక్కపక్కన కాపురం చేస్తున్నాయి. పదమూడో శతాబ్దపు చెరువు కింద నాటేసిన మనిషి ఇంటికెళ్ళి థర్మల్ కరెంటుతో ఫ్యాన్ వేసుకుంటాడు.

పేర్ల సంగతీ అంతే. మానుకోట ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుతో మహబూబాబాద్ అయింది. బస్సు బోర్డు మీద ఒక యుగం, మనిషి నోట్లో ఇంకో యుగం. ఎక్కడికి పోతున్నవ్ అంటే ఇప్పటికీ మానుకోట అనే చెప్తారు. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ కొత్త జిల్లాలయ్యాయి. సరిగ్గా పది రోజులకి, అక్టోబర్ 21న సివిలైజేషన్ 6 వచ్చింది. ఆ ఆటలో పెద్ద మార్పు నగరాన్ని డిస్ట్రిక్టులుగా విడగొట్టడమే! 2019లో ములుగు వేరుపడినప్పుడు పాలంపేట రామప్ప గుడి భూపాలపల్లి పటం మీంచి వెళ్ళిపోయింది. గుడి మాత్రం అంగుళం జరగలేదు.

అందుకే కొత్త ఆట వేసిన ప్రశ్నలో నిజముంది అంటాను. ఇక్కడ ఏ రాజ్యమూ ఆరువేల ఏళ్ళు నడవలేదు. శాతవాహనులు, కాకతీయులు, పద్మనాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, అసఫ్‌జాహీలు, ఎన్ని చేతులు మారిందో నేల. పాత ఆటలు నేర్పిన చెక్కుచెదరని జాతి అనే కథ కన్నా ఇది మన అనుభవానికి దగ్గరగా ఉంది. చిక్కల్లా, ఆట ఆ మార్పుని కోటలోంచి మాత్రమే చూస్తుంది.

ఖిలాషాపూర్‌ని ఏ గడిలో పెడతారు?

ఏ రాజ్యానికీ చెందని ఊళ్ళని ఏడో ఆట స్వతంత్ర శక్తులంటుంది. పాత ఆటల్లో అనాగరికులనీ, నగర రాజ్యాలనీ విడివిడిగా ఉన్నవాటిని ఒక గూటికి చేర్చారు. మంచి చేసుకుంటే మీకు సామంతులు, లేదంటే మీ పొలాల మీద పడతారు. సొంతంగా వాళ్ళకి యుగాలుండవు, గెలుపూ ఉండదు.

జనగామ జిల్లా ఖిలాషాపూర్ కోట సర్వాయి పాపన్నది. కల్లుగీత కులంలో పుట్టి, ఔరంగజేబు పోయిన మరుసటేడు, 1708లో, వరంగల్ మీదే పడి దోచినవాడు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్లో దుర్మార్గుడైన దోపిడీదారు. పాటలు కట్టుకున్న జనానికి సర్దార్ పాపన్న. రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్రని ఎనిమిది జీవితాల ద్వారా చెప్పినప్పుడు అందులో ఒక జీవితం పాపన్నది. చక్రవర్తి బహదూర్ షా 1709లో ఇతనికి దర్బారులో గౌరవ వస్త్రం ఇచ్చాడు, పెద్దకులాల ఫిర్యాదులు విని మాట మార్చాడు. 1710లో పాపన్నని చంపేశారు.

ఆటలో మొఘలులు ఆధునిక యుగపు రాజ్యం. పాపన్న వాళ్ళ పటం మీద ఒక ఎర్ర చుక్క. ఖిలాషాపూర్ బురుజు మీంచి చూసినవాళ్ళకి మాత్రం ఎవరు నాగరికులో, ఎవరు చుక్కో అంత తేలిగ్గా తేలదు.

కొనసాగింపుకి వెల ఎవరు కట్టారు?

ఇప్పుడా మర్చిపోయిన మనిషి దగ్గరికి వద్దాం.

పాత సివ్ ఆటల్లో వర్కర్ అనే బొమ్మ ఉండేది. మట్టి తవ్వేది, కాలువ తీసేది, రోడ్డేసేది. ఆరో ఆటలో అది బిల్డర్ అయింది, మూడు పనులు చేసి మాయమయ్యేది. ఏడో ఆటలో ఆ బొమ్మే లేదు. ఊరు పెరుగుతుంది, గడి మీద నొక్కితే పొలం తయారు. కట్టినదాన్ని కాపాడుకోవడమంటే ప్రతి టర్న్‌కీ ఖజానాలోంచి కొన్ని నాణేలు కోసుకోవడం. కొన్ని కట్టడాలకి ‘ఏజ్‌లెస్’ అని ముద్ర. ఆ ముద్ర పడితే యుగం మారినా వాటి లాభం తగ్గదు.

ఏ చెరువూ పుట్టుకతో ఏజ్‌లెస్ కాదు. ఏటా పూడిక తీయాలి, కట్ట మీద మట్టి పోయాలి, కంపచెట్లు కొట్టాలి, మత్తడి చూసుకోవాలి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందిదీ తెగుతుంది. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు అన్నది నీరటి చూసేవాడు. కాకతీయుల కాలం నుంచీ దశబంధం అనే ఏర్పాటుంది. చెరువు కట్టినవాళ్ళకి, బాగుచేసినవాళ్ళకి దాని ఆయకట్టులో పదో వంతు. కోట ఎవరిదైనా కట్ట నిలవడానికి కారణం ఇలాంటి ఊరి కట్టుబాట్లు. ఆట అభిమానులు అడుగుతున్న కొనసాగింపు నిజంగా ఉన్నది ఇక్కడే.

అయితే ఆ కట్టుబాట్లని బంగారు కాలంగా చెప్పుకోవడానికీ లేదు. నీరటి పని చాలా ఊళ్ళల్లో దళిత కుటుంబాలది, తరతరాలుగా. రాత్రి కట్ట మీద పడుకున్న మనిషికి ఆ కట్ట కింద సెంటు భూమి ఉండేదా? ఊరంతా కలిసి మట్టి పోసిందంటాం. అందులో ఇష్టమెంత, వెట్టి ఎంత? శాసనం దాత పేరు చెబుతుంది, తట్ట మోసినవాళ్ళ పేర్లు చెప్పదు.

వాళ్ళ పేర్లు వినడానికి జనగామ ప్రాంతం ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగాల్సొచ్చింది. విసునూరు దేశ్‌ముఖ్ గడీ కింద వెట్టి చేసిన ఊళ్ళివి. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య పడిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తను పండించిన పంటని దొర గూండాలకి దక్కనివ్వలేదు. అదే పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. పక్కనే బమ్మెర, భాగవతాన్ని రాజుకి అంకితమివ్వనన్నాడని చెప్పుకునే పోతన ఊరు. ఆట సంస్కృతిని పాయింట్లుగా లెక్కగట్టి పాలకుడి ఖాతాలో వేస్తుంది. ఈ ఒక్క మండలం మాత్రం ఆ ఖాతాకి పదే పదే అడ్డం తిరిగింది, ఒకసారి కావ్యంతో, ఒకసారి వడ్లతో.

సంక్షోభాన్ని ఆట ఒక శిక్షలా చూపిస్తుంది. కావాలంటే సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు కూడా. గడీలోంచి చూస్తే కడవెండి సంక్షోభమే. వెట్టి చేసినవాళ్ళకి అది యుగం మారడం. వాళ్ళకి కావలసింది కొనసాగింపు కాదు, తెగిపోవడం. చెరువు ఉండాలి, వెట్టి పోవాలి. ఈ రెంటినీ విడదీసి చూసే బటన్ ఏడో ఆటలోనూ లేదు, పాత ఆటలే నయమనేవాళ్ళ వాదనలోనూ లేదు.

మన దగ్గర మాత్రం ఉందా? వెట్టి పోయింది, పోవాల్సిందే. దానితోపాటు నీరటి కూడా పోయాడు. అతని పనిని గౌరవంగా, జీతంతో ఎవరు చెయ్యాలన్నది తేల్చకుండానే ముందుకొచ్చేశాం. చెరువు సర్కారుదైంది, శిఖం భూమి ఎవరికి అందితే వాళ్ళదైంది. 2015లో 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేస్తామని మిషన్ కాకతీయ మొదలైంది. పూడిక యంత్రంతో తీయించొచ్చు, ఆ తర్వాతి ఏడు కట్ట మీద తిరిగే మనిషి యంత్రంతో రాడు. అటు భూపాలపల్లి జిల్లాలోనే 2019లో ఆర్భాటంగా మొదలైన కాళేశ్వరం ప్రాజెక్టులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబర్‌లో కుంగాయి. కట్టడాన్ని వింతగా చూపించుకోవడం ఆటలకే పరిమితమైన జబ్బు కాదు.

ఈ ఆట ఆడొద్దని నేననను. రాజ్యాలు శాశ్వతం కావని లక్షలమందికి చెప్పిన మొదటి సివ్ ఇదే, అందుకు మెచ్చుకోవాలి. ఎనిమిదోది వచ్చేసరికి కాకతీయుల్ని చేర్చకపోయినా నాకు బాధ లేదు. పోయిన ఆ వర్కర్‌ని వెనక్కి తెస్తే చాలు. ఈసారి అతనికి పేరుండాలి, కూలి ఉండాలి, కట్ట కింద కొంచెం నేలుండాలి. యుగం మారిన మర్నాడు తూము దగ్గరికి ముందుగా నడిచేది అతనే.